ఆఫీసులో ఊయలకు చోటుందా?

పొద్దున్న ఏడింటికి మీర్‌పేట్‌లో టీకేఆర్ కమాన్ దగ్గర నిలబడి చూడండి. సగం ఊరు అక్కడే ఉందా అనిపిస్తుంది. అమీర్‌పేట, బేగంపేట, హైటెక్ సిటీ... ఎవరి ఆఫీసు వారిది. భుజాన బ్యాగు, చేతిలో టిఫిన్ డబ్బా. కొందరు ఆడవాళ్ల మొహాల్లో మాత్రం ఇంకో దిగులు కనిపిస్తుంది. పక్కింట్లో ఏడుస్తున్న బిడ్డను వదిలొచ్చిన దిగులు అది.

మా వీధిలో ఓ అమ్మాయి ఉంది. నన్ను ‘అక్కా’ అంటుంది. అమీర్‌పేటలో ఆరంతస్తుల భవనంలో అకౌంట్స్ ఉద్యోగం. బాబుకి ఏడాదిన్నర. నాట్లు పడితే అత్తగారు ఊరెళ్లిపోతారు. పక్కింటి పిన్నిగారికి ఒంట్లో బాగోకపోతే ఆ రోజుకి సెలవే. సెలవులు అయిపోతే జీతం కోత. ‘ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా అక్కా’ అంది ఓ ఆదివారం. ఇంటి అప్పు ఇంకా పదేళ్లు కట్టాలి. మానేస్తే ఆ వాయిదాలు ఎక్కణ్నుంచి వస్తాయో ఆమెకీ తెలీదు, వాళ్లాయనకీ తెలీదు.

‘ఆఫీసులో అడిగావా?’ అన్నాను. అడిగిందట. ‘మనం నలభై మందిమే కదమ్మా, చట్టం మనకు వర్తించదు’ అన్నారట పైఅధికారి. భవనం మేనేజర్ దగ్గరికి వెళ్తే, ‘లిఫ్టు, నీళ్లు, జనరేటరు వరకే మా పని’ అన్నాడట. ఎవరి మాట వారికి సబబే. మధ్యలో పిల్లాడే ఎటూ కాకుండా పోయాడు.

చట్టం ఏమంటోంది?

పనిచేసే చోట పిల్లల గది కొత్త కోరికేమీ కాదు. 30 మందికి మించి మహిళా కార్మికులున్న కర్మాగారంలో ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలని ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. 1948లో 50గా ఉన్న ఆ సంఖ్యను 1976లో తగ్గించారు. ఆఫీసుల వంతు 2017లో వచ్చింది. ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి, వేతనంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. 50 మంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న సంస్థ క్రెష్ ఏర్పాటు చేయాలన్నారు. ఆ యాభైలో మగవాళ్లూ లెక్కే. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసిరావచ్చు. ఈ సౌకర్యాల గురించి ఉద్యోగంలో చేరేటప్పుడే ఆమెకు రాతపూర్వకంగా చెప్పాలి కూడా.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలోనూ క్రెష్ నిబంధన ఉంది. అందులో మనకు పనికొచ్చే మాట మరొకటి ఉంది. నాలుగైదు సంస్థలు కలిసి, తలా కొంత వేసుకుని ఉమ్మడిగా ఒక క్రెష్ నడుపుకోవచ్చు. ఆరంతస్తుల్లో ఆరు కంపెనీలున్న భవనానికి ఇంతకంటే ఏం కావాలి?

లెక్కలతో వెళ్లింది

ఈసారి ఆ అమ్మాయి ఒంటరిగా వెళ్లలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ ఒక్కో అంతస్తుకూ వెళ్లి, ఎవరింట్లో చిన్నపిల్లలున్నారో రాసుకుంది. తల్లుల్నే కాదు, తండ్రుల్నీ అడిగింది. పిల్లల కోసం ఎన్ని సెలవులు పెట్టారో పక్కనే రాసింది. రెండు కంపెనీల్లో యాభై మందికి పైనే ఉన్నారని అప్పుడే తెలిసింది. వాళ్లకు ఇది దయ కాదు, బాధ్యత. కింది అంతస్తులో విరిగిన కుర్చీలు పడేసిన గదొకటి ఉందని వాచ్‌మన్ చూపించాడు.

ఆ కాగితం చూశాక యాజమాన్యాల మాట తీరు మారింది. ‘కుదరదు’ కాస్తా ‘ఎలా కుదురుతుంది?’ అయింది. అనుమానాలు వచ్చాయి. రావాలి కూడా. పిల్లాడు పడితే ఎవరిది పూచీ? ఆయాకి జీతం ఎవరిస్తారు? గోలైతే? కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు అక్కడ అక్కరకొచ్చాయి. ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలు, ఆఫీసులోనో అర కిలోమీటరు లోపో గది, వీలైతే కింది అంతస్తు... అన్నీ అందులో ఉన్నాయి. మూడు నెలలు నడిపి చూద్దామన్నారు. గది భవనంవాళ్లు ఇచ్చారు. ఆయాల జీతం పెద్ద కంపెనీలు రెండూ పంచుకున్నాయి. పాలు, తిండి ఖర్చు తల్లిదండ్రులది.

ఒక గుడారంతో మొదలు

గదే లేనిచోట కూడా ఈ పని చేసినవాళ్లున్నారు. 1969లో ఢిల్లీ రాజ్‌ఘాట్ దగ్గర గాంధీ శతజయంతి ప్రదర్శన కోసం నిర్మాణాలు సాగుతున్నాయి. కూలితల్లులు ఇటుకలు మోస్తుంటే పిల్లలు ఆ దుమ్ములోనే పడి ఉండేవారు. అది చూసిన మీరా మహదేవన్ అక్కడే ఓ గుడారంలో పిల్లల్ని చూసుకోవడం మొదలెట్టారు. అదే ‘మొబైల్ క్రెషెస్’ సంస్థ అయింది. గుడారంలో అయిన పని, లిఫ్టున్న భవనంలో కాదంటే ఎలా?

అన్నీ తీరిపోయాయని చెప్పను. మీర్‌పేట్ నుంచి ఆ దూరం బిడ్డను రోజూ తిప్పడం తేలిక కాదు. ఆర్టీసీ బస్సులో 2023 డిసెంబరు నుంచి మహిళలకు టికెట్ లేదు సరే, సీటు దొరకొద్దూ? అందుకే ఆమె అరగంట ముందే బయల్దేరుతోంది. కాలనీల్లోనూ ఇలాంటి గదులు వస్తేనే ఈ అవస్థ తప్పేది. మూడు నెలల తర్వాత కంపెనీలు ఏమంటాయో కూడా చూడాలి. అయినా ఉద్యోగం మానేసే మాట మాత్రం ఆమె మళ్లీ ఎత్తలేదు.

మీ ఆఫీసులోనూ విరిగిన కుర్చీల గది ఒకటి ఉండే ఉంటుంది. రేపు సోమవారమే కదా, ఓసారి తలుపు తీసి చూడండి. వెళ్లేముందు ఎంతమంది పిల్లలో లెక్క రాసుకోవడం మర్చిపోకండి.