ప్రశంసాపత్రం లేని సేవ

సంపాదకునికి,

ఐదు నుంచి పదేళ్ల వయసు పిల్లల చేత సమాజసేవ చేయించాలన్న మాట ఇటీవల ప్రైవేటు బడుల కరపత్రాల్లోనూ ప్రభుత్వ సర్క్యులర్లలోనూ తరచుగా కనిపిస్తున్నది. అయితే ఆ సేవ ఏడాదికి ఒకటి రెండు సార్లు బ్యానరుతో, ఫొటోగ్రాఫరుతో మొదలై ప్రశంసాపత్రంతో ముగిసే తంతుగా స్థిరపడిపోవడం అటు పిల్లల స్వభావానికీ ఇటు సేవ అన్న మాటకూ అన్యాయం చేస్తున్నదని ఈ లేఖ వాదం. ఆ వయసుకు తగిన సేవ చిన్నదిగా, ఇంటికో బడికో దగ్గరగా, వారం వారం తప్పక చేయవలసినదిగా ఉండాలి. దానికి బహుమతి ఉండకూడదు.

ఎదుటివారికి సాయపడాలన్న కోరిక బడి పుట్టించవలసినదేమీ కాదు. జర్మనీలోని లీప్‌జిగ్‌లో పరిశోధనలు చేసిన ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, చేయి జారి కింద పడిన వస్తువు అందక అవస్థపడుతున్న కొత్త మనిషికి పద్దెనిమిది నెలల పసివాళ్లు, అడగకముందే, దానిని తీసి చేతికిచ్చారు. అదే ఇద్దరు 2008లో వెల్లడించిన మరొక ప్రయోగంలో, సాయం చేసిన ప్రతిసారీ బహుమానం అందుకున్న ఇరవై నెలల పిల్లలు, ఆ బహుమానం ఆగిపోయాక, మొదటినుంచీ ఏమీ అందుకోని పిల్లలకంటే తక్కువగా సాయపడ్డారు. లోపలినుంచి పుట్టే ఇష్టాన్ని అంతఃప్రేరణ అనీ, బయటినుంచి ఎరగా చూపేదానిని బాహ్యప్రేరణ అనీ మనస్తత్వ శాస్త్రం విడదీసి చూస్తుంది. రెండవది మొదటిదానిని మింగివేయగలదని ఈ ఫలితం సూచిస్తున్నది. ప్రయోగశాలలో తేలినదానిని మూడో తరగతి పిల్లలకు ఉన్నదున్నట్టు అంటగట్టడం తొందరపాటే కావచ్చు, కానీ మైకులో పేర్లు చదివి షీల్డులు పంచే పెద్దలకు ఇది పట్టవలసిన సంగతే.

మన విద్యావిధానం ఈ విషయాన్ని పట్టించుకోలేదని చెప్పడానికి వీల్లేదు. 1964–66 నాటి కొఠారీ కమిషన్ సమాజసేవను అన్ని దశల విద్యలోనూ భాగం చేయాలన్నది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ ‘సమాజోపయోగ ఉత్పాదక కృత్యం’ అన్న భావనను, అంటే చేతులతో చేసే పని ఫలితం వస్తువు రూపంలోనో సేవ రూపంలోనో నలుగురికీ ఉపయోగపడాలన్న సూత్రాన్ని, ముందుకు తెచ్చింది. గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో మొదలైన జాతీయ సేవా పథకం మాత్రం కళాశాల విద్యార్థులను ఉద్దేశించినది, 2020 నాటి జాతీయ విద్యావిధానం పేర్కొన్న పది ‘బస్తా లేని రోజులు’ ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఉన్నవారికి. స్కౌట్ ఉద్యమంలో కబ్స్, బుల్‌బుల్స్ పేరిట నడిచే శాఖలు, రోజుకొక మంచిపని అన్న నియమంతో, సరిగ్గా ఈ పసివయసు కోసమే ఏర్పడినవి గానీ అవి ఉన్న ప్రాథమిక పాఠశాలలు మన పల్లెల్లో అరుదు. వెరసి, సాయపడాలన్న ఉబలాటం అందరికంటే ఎక్కువగా ఉన్న వయసుకే కాగితాల మీద అందరికంటే తక్కువ చోటు దక్కింది.

ఆ వయసుకు తగిన పని ఏది అన్నదానికి పక్షులకు నీళ్లు పెట్టడాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ప్రతి వేసవిలోనూ మట్టి మూకుళ్లు పంచే కార్యక్రమాలు పత్రికల్లో కనిపిస్తూనే ఉంటాయి, ఆ మూకుడు పదో రోజున ఎలా ఉందో చూసేవారు మాత్రం కనిపించరు. ప్రహరీ గోడమీద నీడపట్టున పెట్టిన మూకుడులో రెండు మూడు రోజులకే అడుగున పచ్చటి పాచి పట్టి వేలికి జారుతుంది. నీరు మార్చకుండా వదిలేస్తే దోమ గుడ్డు పెట్టినది మొదలు రెక్కలొచ్చి ఎగిరేదాకా సుమారు వారం పది రోజులే పడుతుంది కనుక, పిచ్చుకల కోసమని పెట్టిన నీరు డెంగీ దోమకు పురిటిగది అవుతుంది. అందువల్ల ఇక్కడ నేర్పవలసిన సేవ నీళ్లు పోయడంకంటే మిగిలిన నీళ్లు పారబోయడం, కొబ్బరిపీచుతో మూకుడు తోమి ఎండలో బోర్లించడం, తేనెటీగలు మునిగిపోకుండా వాలడానికి మధ్యలో ఒక గులకరాయి పెట్టడం. ఇవన్నీ ఒకటో తరగతి పిల్ల చేయగలిగినవే. నీటిపాత్రలన్నీ ఖాళీచేసి ఆరబెట్టమని ఆరోగ్యశాఖ చెప్పే ‘డ్రై డే’కి అర్థం ఆ పిల్లకు పోస్టరు కంటే ఆ మూకుడు బాగా చెబుతుంది. పిట్టల కోసం చూరుకు వరికంకుల కుచ్చులు కట్టిన ఇళ్లు కోస్తా జిల్లాల్లో ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నాయి కాబట్టి ఇది తెలుగువారికి పరాయి ఊహ కూడా కాదు.

పిడికెడు బియ్యం మాటా అంతే. వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు వేరే డబ్బాలో వేసి, నెలాఖరున అవసరమున్నవారికి ఇచ్చే ఈ పాత అలవాటులో ఆ పిడికిలి పిల్లలదే అయితే, ఇచ్చేది ఎంతో, ఎన్నాళ్లకు డబ్బా నిండుతుందో లెక్క తెలుస్తుంది, రోజూ గుర్తుపెట్టుకోవలసిన బాధ్యతా అలవడుతుంది. చలివేంద్రాల దగ్గర కుండల మీద మూత ఉందా లేదా, నీళ్లు ముంచడానికి పొడుగు కాడ గరిటె వాడుతున్నారా లేక గ్లాసుతో పాటు చేయీ లోపలికి పోతున్నదా అని కనిపెట్టి పెద్దలకు చెప్పే పని ఎనిమిదేళ్లవారికి అప్పగించవచ్చు; అది ఒంటిపూట బడికి వెళ్లేముందు, ఎండ ముదరకముందు, పెద్దవారి తోడుతో జరగాలి. చదువు రాని నానమ్మకు మందుచీటీ మీది వేళలు చదివి వినిపించడం కూడా సేవే, కాకపోతే ఫొటోకు పనికిరాదు.

ఫొటోకు పనికివచ్చే సేవల్లో అన్నింటికంటే అభ్యంతరకరమైనది పుట్టినరోజు నాడు పిల్లలను వృద్ధాశ్రమానికో అనాథ పిల్లల వసతిగృహానికో తీసుకువెళ్లి, కేకు కోయించి, అరటిపండ్లు పంచించి, అరగంటలో వెనక్కి తీసుకురావడం. అక్కడ పుచ్చుకునేవారు వరుసలో నిలబడతారు, ఇచ్చే పిల్లవాడు కెమెరా వైపు చూస్తాడు. తాను ఇచ్చేవాడిననీ వారు పుచ్చుకునేవారనీ ఆ పిల్లవాడికి తెలిసిపోతుంది, వారి పేర్లు తెలియవు. అదే పిల్లవాడు నెలకు రెండుసార్లు వెళ్లి ఒక తాతగారితో అష్టాచెమ్మా ఆడి ఓడిపోయి వస్తే, ఆ పరిచయం ఇద్దరికీ మిగులుతుంది.

పిల్లలచేత పని చేయించడమంటే వెట్టిచాకిరీకి తలుపు తెరవడమేనన్న ఆక్షేపణను తేలికగా కొట్టివేయకూడదు. 2016 సవరణ తరువాత బాలకార్మిక నిషేధ చట్టం, కుటుంబ పనుల వంటి కొద్ది మినహాయింపులతో, పద్నాలుగేళ్ల లోపు వారిని ఏ వృత్తిలోనూ పనికి పెట్టరాదంటున్నది. సేవ పేరు పెట్టినంతమాత్రాన బడి మరుగుదొడ్లు కడిగించడం సేవ కాబోదు. ఒక పని కూలి ఇచ్చి పెద్దవారిచేత చేయించవలసినదా కాదా అన్నది ఇక్కడ గీటురాయి. చీపురు విషయంలో మరింత జాగ్రత్త అవసరం: తరగతి గది ఊడ్చే వంతు ఎప్పుడూ ఒకే వాడ పిల్లలకో ఆడపిల్లలకో పడుతున్నట్లయితే అది సేవను నేర్పడం లేదు, కులాన్నీ ఆడమగ తేడానూ నేర్పుతున్నది. ఊడిస్తే హాజరుపట్టీ వరుసలో అందరూ ఊడవాలి, ఉపాధ్యాయుల వంతు కూడా ఆ పట్టీలో ఉండాలి.

చివరిగా మొక్కల సంగతి. వానాకాలంలో పిల్లలచేత మొక్కలు నాటించడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏటా జరిగేదే; ఆ మొక్కకు అసలు గండం మాత్రం ఏప్రిల్ చివరి వారంలో బడికి తాళం పడ్డాక, జూన్ రెండో వారంలో తిరిగి తెరిచేదాకా ఉన్న యాభై రోజులే. ఆ యాభై రోజులకు బడికి దగ్గరలో ఇళ్లున్న పిల్లలను ఇద్దరిద్దరుగా జతచేసి, ఏ రోజు సాయంత్రం ఏ జత ఏ మొక్కకు ఒక చెంబెడు నీళ్లు పోస్తుందో, తోడు ఏ పెద్దవారు వస్తారో ఒక కాగితం మీద రాసి, ప్రధానోపాధ్యాయులు సెలవులకు ముందే గేటుకు అంటించగలిగితే చాలు. ఆ కాగితానికి బ్యానరు అక్కరలేదు. బోరు మోటారు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో మాత్రం తప్పక రాయాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తెనాలి