పనిముట్టు పట్టించని చదువు

మడక పట్టనివాడికి సేద్యం రాదని పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. కంప్యూటరు చదువు దగ్గరికి వచ్చేసరికి చాలా కళాశాలలు ఈ సంగతి మరిచిపోతున్నాయి.

కర్నూలు, కడప ప్రాంత పల్లెల నుంచి ఏటా ఎందరో పిల్లలు ఇంజనీరింగులో చేరుతున్నారు. వానలు లేక వేరుశనగ ఎండిపోయిన ఏడు కూడా తల్లిదండ్రులు అప్పు చేసి చదివిస్తున్నారు. నాలుగేళ్లకు పట్టా చేతికొస్తుంది. ఆ తర్వాత చాలామంది హైదరాబాదు అమీర్‌పేటలో గది అద్దెకు తీసుకుని, మళ్లీ ఫీజు కట్టి పని నేర్చుకుంటున్నారు. ఒకే చదువుకు రెండుసార్లు డబ్బు కట్టవలసిన ఖర్మ రైతుకు ఎందుకు?

మన దేశంలో ఎన్నో కళాశాలలు సి భాషను 'టర్బో సి' అనే నీలి తెర మీద ఏళ్ల తరబడి నేర్పాయి. అమెరికాలోని బోర్లాండ్ కంపెనీ 1987లో దాన్ని విడుదల చేసింది. ఆనాటికి అది మేలైనదే. నేటి కంపెనీల పద్ధతి వేరు. అక్కడ పదిమంది కలిసి ఒకే ప్రోగ్రాము రాస్తారు. ఎవరు, ఎప్పుడు, ఏ వరుస మార్చారో లెక్క ఉంచేందుకు 'గిట్' వాడతారు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో దీన్ని తయారుచేశారు. తప్పును అడుగడుగునా వెతికే డీబగ్గరు కూడా అక్కడ రోజూ వాడేదే.

గిట్, లినక్స్, జిసిసి అన్నీ ఉచితంగా దొరుకుతాయి. కనుక డబ్బు లేదన్న సాకు చెల్లదు. ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్ ఐటీ, కర్నూలులో 2015లో ట్రిపుల్ ఐటీ డీఎం వచ్చాయి. అయితే అందరికీ అక్కడ సీటు దొరకదు. మామూలు కళాశాలలో చేరిన పిల్లలకూ అసలు పని నేర్పాలి.

కొత్తవారికి పెద్ద సాధనాలిస్తే తికమక పడతారని కొందరు అధ్యాపకుల వాదన. ఇందులో నిజం లేకపోలేదు. సగం రాస్తే మిగతా సగం తామే పూరించే సాధనాలకు మొదట్లోనే అలవాటు పడితే బుర్ర పదునెక్కదు. అందుకే మొదటి ఏడు సాదా ఎడిటరులో స్వయంగా రాయించాలి. రెండో ఏడు గిట్, డీబగ్గరు నేర్పాలి. మూడో ఏడు నలుగురైదుగురిని కలిపి ఊరి పాలకేంద్రం లెక్కల వంటి నిజమైన పని ఒకటి చేయించాలి. కాగితం మీద రాసిన పరీక్షకే కాక ఈ పనికీ మార్కులుండాలి.

విశ్వవిద్యాలయాలు సిలబస్ మార్చేదాకా తల్లిదండ్రులు ఊరకుండనక్కర్లేదు. సీటు తీసుకునేటప్పుడు భవనాలు, బస్సులు చూసి మురిసిపోక ల్యాబులోకి వెళ్లి చూడాలి. పై తరగతుల పిల్లలు చేసిన పని చూపించమని అడగాలి. ఫీజు కట్టేవారికి ఆ హక్కు ఉంది.