ట్రైలర్ లాగే బండికి సన్‌రూఫ్ ఎందుకు?



సంఘానికి కొనబోయే బండి కొటేషన్ కార్యవర్గం పోయిన వారం గ్రూపులో పెట్టింది. 1.5 లీటర్ టర్బో పెట్రోల్, 160 హార్స్ పవర్, డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్, పైన సన్‌రూఫ్. దాని కింద వరసగా బొటనవేళ్ళు. మేము, అంటే సంఘంలో అరవై దాటిన ఏడెనిమిది మందిమి, బొటనవేలు పెట్టలేదు. "పెద్దవాళ్ళకు కొత్తది ఏదీ నచ్చదు" అని ఒక తమ్ముడు రాశాడు. కొత్తదానితో మాకు తగాదా లేదు. తగాదా ఆ బండి చేయాల్సిన పనితో.

ఆ పని ఏమిటో కొటేషన్‌లో ఎక్కడా లేదు కాబట్టి మేమే రాస్తున్నాము. మన ట్రైలర్‌లో ఫ్రీజర్ పెట్టె ఉంటుంది, జనరేటర్ ఉంటుంది, షామియానా కంబాలు, కుర్చీలు, నీళ్ళ డ్రమ్ము. అన్నీ ఎక్కించి తూకం వేస్తే 1,300 కేజీలు. చావు జరిగిన ఇంటికి ఇది పోవాలి. సేలం టౌనులో అయితే ఏ బండైనా లాగుతుంది, మాట వద్దు. కానీ మనవాళ్ళు ఏర్కాడు ఎస్టేట్లలోనూ ఉన్నారు. పైకి 20 కొండై ఊసి మలుపులు. పోయిన చిత్తిరైలో బాడుగ బండికి మన ట్రైలర్ తగిలించి పంపితే మలుపులో నిలిచిపోయింది. క్లచ్ కాలిన వాసన, పొగ. పైన ఇంటివాళ్ళు ఆ ఎండాకాలం రాత్రి ఐస్ గడ్డలు కొని తెచ్చి శవం చుట్టూ పేర్చుకుని తెల్లారేదాకా కూర్చున్నారు. ఆ తల్లి కొడుకు మన సభ్యుడే, చందా కట్టేవాడే. సొంత బండి కొనాలన్న తీర్మానం పుట్టింది ఆ రాత్రి వల్ల. ఆ సంగతి మరిచిపోయి ఇప్పుడు సన్‌రూఫ్ గురించి మాట్లాడుతున్నాము.

హార్స్ పవర్ జాస్తి ఉంటే జాస్తి లాగుతుందని అందరూ అనుకుంటారు. ఒక లెక్క చేసి చూడండి, ఎనిమిదో క్లాసు లెక్కే. బండి, అందులో మనుషులు కలిసి 2,200 కేజీలు, ట్రైలర్ 1,300, మొత్తం 3,500 అనుకుందాం. 12 అడుగులు పోతే ఒక అడుగు లేచే వాలు. 3,500ను 12తో భాగిస్తే దగ్గర దగ్గర 290 కేజీలు. టైర్లు దొర్లడానికి ఇంకో 50 వేసుకోండి. అంటే 340 కేజీల లాగుడు కావాలి. గంటకు 20 కిలోమీటర్లు అంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. 340ని ఐదున్నరతో పెంచి 75తో భాగిస్తే వచ్చేది 25 హార్స్ పవర్. గేర్లలో, ఇరుసుల్లో పోయేది కలుపుకుని 30 అనండి. ఏర్కాడు ఎక్కడానికి కావలసింది ఇంతే! కొటేషన్‌లోని 160 హార్స్ పవర్ వచ్చేది 5,500 ఆర్‌పీఎం దగ్గర. మలుపులో శవపెట్టె లాగే డ్రైవరు ఇంజన్‌ను 5,500కు ఎందుకు తిప్పుతాడు?

కావలసింది డ్రైవర్లు పుల్లింగ్ అంటారే, అది. కంపెనీ కాగితంలో దాని పేరు టార్క్. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడే అది రావాలి. ఆ పెట్రోల్ ఇంజన్‌ది 253 న్యూటన్ మీటర్లు. స్కార్పియో-ఎన్‌లో సన్‌రూఫ్ లేని కింది రకం 2.2 లీటర్ డీజిల్‌కు హార్స్ పవర్ 132 మాత్రమే, పుల్లింగ్ మాత్రం 300. రెండూ 1,500 ఆర్‌పీఎం దగ్గరే మొదలవుతాయి కదా అని షోరూం పిల్లవాడు అంటాడు. నిజమే. కానీ 1,500 కన్నా కింద టర్బో ఇంకా గాలి ఊదదు, ఇంజన్ తన సొంత సైజు మీద బతకాలి. మలుపు మధ్యలో ఎదురుగా బస్సు వచ్చి ఆగిపోయి, మళ్ళీ కదిలే ఆ రెండు సెకండ్లలో 1.5 లీటర్‌కూ 2.2 లీటర్‌కూ తేడా తెలుస్తుంది.

మాలో కొందరం రైల్వే గూడ్స్ ఆఫీసుల్లో గుమాస్తాలుగా బతికినవాళ్ళం. ఇంజన్ నడపలేదు, వ్యాగన్ల బరువు లెక్క రాశాము. డబ్ల్యూఏజీ-9 అనే గూడ్స్ ఇంజను, డబ్ల్యూఏపీ-7 అనే ఎక్స్‌ప్రెస్ ఇంజను ఒకే కుటుంబం. పవర్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు, రెండూ 6,000 హార్స్ పవర్ పైమాటే. ఒకటి 100 స్పీడుకు, ఇంకొకటి 140కి. ముఖ్యమైన మార్పు గేర్ నిష్పత్తిలోనే. స్పీడు వదులుకుని లాగుడు కొన్నది గూడ్స్ ఇంజను. మేట్టుపాళయం నుంచి కూనూరు పోయే కొండ రైలు వాలు కూడా 12కు 1. అక్కడ పళ్ళ పట్టా వేసి, ఇంజన్‌ను కింది వైపు పెట్టి తోయిస్తారు. ఆ రైలు నడిచినట్లు నడుస్తుంది, ఎవరూ దాన్ని తక్కువగా చూడరు.

ఇక గేర్ బాక్స్. మా అసలు భయం ఇక్కడే. డ్యూయల్ క్లచ్ అంటే లోపల రెండు క్లచ్‌లు, ఒకటి బేసి గేర్లకు, ఒకటి సరి గేర్లకు. హైవేలో గేర్ మారేది తెలియనే తెలియదు, బాగుంటుంది. కానీ క్లచ్ క్లచ్చే. వాలులో మెల్లగా పాకేటప్పుడు హాఫ్ క్లచ్‌లో జారుతూనే ఉంటుంది, ఆ పని కంప్యూటర్ చేస్తుంది కాబట్టి డ్రైవరుకు కాలికి తెలియదు. నూనెలో మునిగే రకం కొంత తట్టుకుంటుంది. గాలితో చల్లబడే పొడి రకం అయితే వేడెక్కుతుంది, డ్యాష్‌బోర్డులో బండి ఆపమని గుర్తు వెలుగుతుంది. వెనక 1,300 కేజీలు వేలాడుతుంటే పదమూడో మలుపులో ఎక్కడ ఆపమంటారు?

ఆటోమేటిక్ వద్దని మేము అనడం లేదు. మన డ్రైవరన్న మోకాలు సంగతి అందరికీ తెలుసు. ఆటోమేటిక్ కావాలంటే టార్క్ కన్వర్టర్ రకం చూడండి. అందులో ఇంజన్‌కూ గేర్లకూ మధ్య రాచుకునే క్లచ్ పలక బదులు నూనె తిరుగుతుంది. నిలిచిన చోటు నుంచి కదిలేటప్పుడు ఇంజన్ పుల్లింగ్‌ను అది దాదాపు రెండింతలు చేసి ఇస్తుంది. నూనె వేడెక్కుతుంది, దానికి కూలర్ ఉందా అని అడగాలి. స్కార్పియో-ఎన్ 175 హార్స్ పవర్ డీజిల్ మాన్యువల్‌లో 370, ఈ రకం ఆటోమేటిక్‌లో 400. ఫార్చ్యూనర్ 2.8 డీజిల్ మాన్యువల్‌లో 420, ఆటోమేటిక్‌లో 500. ఆటోమేటిక్ అంటే బలహీనం అనుకునే మా వయసువాళ్ళు కూడా ఈ అంకెలు చూడాలి. (ఫార్చ్యూనర్ కొనమని చెప్పడం లేదు, మన డిపాజిట్ సంగతి మాకూ తెలుసు.)

ఇంకొక మాట, దీన్ని ఎవరూ అడగలేదు. కొటేషన్‌లోది ముందు చక్రాలు తిరిగే బండి. ట్రైలర్ కొక్కెం బండి వెనక భాగాన్ని కిందికి నొక్కుతుంది, ముందు భాగం ఆ మేరకు తేలుతుంది. వానలో, వాలులో, తేలిన చక్రమే లాగాలి! వెనక చక్రాలతో లాగే, చాసిస్ మీద కూర్చున్న బండికి అదే బరువు పట్టు ఇస్తుంది.

దిగడం గురించి కూడా చెప్పాలి. తొప్పూరు ఘాట్‌లో లారీలు బ్రేకు పట్టక ముందున్న బండ్ల మీద పడిన వార్తలు మనం ఎన్ని చదివాము. దిగేటప్పుడు ఎక్కిన గేర్‌లోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పేది బ్రేకు కాలకుండా ఉండడానికి. ఇక్కడ న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి: వట్టి ఇంజన్ పట్టులో పెట్రోల్ డీజిల్ కన్నా కొంచెం మేలే. అయితే గేర్‌ను మనం చెప్పినచోట నిలబెట్టే బండి ఏదైనా దిగుతుంది, ట్రైలర్‌కు సొంత బ్రేకు ఉంటే. మన ట్రైలర్‌కు లేదు. సన్‌రూఫ్ డబ్బుతో ముందు అది పెట్టించండి.

"డీజిల్‌ను పదేళ్ళకే ఆపేస్తారు" అని భయపెడుతున్నారు. ఆ పదేళ్ళ గొడవ ఢిల్లీ చుట్టుపక్కలది, సేలానిది కాదు. డీజిల్‌కు నిజమైన చిక్కు వేరే ఉంది, అది కూడా చెప్తాము. బీఎస్-6 డీజిల్‌కు పొగ గొట్టంలో మసి పట్టే జల్లెడ ఉంటుంది. టౌనులో రెండు కిలోమీటర్లు, మూడు కిలోమీటర్లు తిప్పితే అది మూసుకుంటుంది. వారానికి ఒకసారైనా హైవేలో అరగంట తోలాలి. ఆ బాధ్యత ఎవరిదో తీర్మానంలో రాయండి.

"ట్రైలర్ నెలకు రెండుసార్లే కదా, మిగతా దినాలు మనుషులు తిరగడానికి సౌకర్యంగా ఉండొద్దా" అన్నారు కార్యవర్గంలో ఒకరు. ఏ మనుషులు? డిపాజిట్‌లో పడిన డబ్బులో పూలు కట్టేవాళ్ళది ఉంది, మిల్లులో షిఫ్టు చేసేవాళ్ళది ఉంది. వాళ్ళు ఆ సన్‌రూఫ్ కింద ఎన్నిసార్లు కూర్చుంటారు? వాళ్ళ ఇంటికి ఈ బండి వచ్చేది ఒక్కసారి, ఆ ఒక్కసారి ఆలస్యం కాకూడదు.

ఆదివారం సమావేశంలో చెక్కు మీద సంతకం పడకముందు మేము అడిగేవి ఇవి. ఈ బండి ఎన్ని కేజీల ట్రైలర్ లాగవచ్చో, బ్రేకు ఉన్నదైతే ఎంత, లేనిదైతే ఎంత, కంపెనీ పుస్తకంలో చూపించండి. పుస్తకంలో లేకపోతే డీలరు చేత లెటర్‌హెడ్ మీద రాయించి తేవాలి, నోటి మాట వద్దు. ట్రైలర్‌కు సొంత రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ కాగితం, ఇన్సూరెన్సు కాగితం బల్ల మీద పెట్టండి. టెస్ట్ డ్రైవ్ షోరూం ముందు రోడ్డులో వద్దు. వాళ్ళు ఒప్పుకుంటే ట్రైలర్ నిండా ఎక్కించి ఏర్కాడు రోడ్డులో ఐదో మలుపు దాకా పోదాం, వాలు మధ్యలో ఆపుదాం, మళ్ళీ కదిలిద్దాం, మూడుసార్లు. వాళ్ళు ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోవడం లేదో అడుగుదాం. కొటేషన్‌లోని బండే అలా మూడుసార్లు కదిలితే మేము కూడా బొటనవేలు పెడతాము.

ట్రైలర్‌ను మళ్ళీ తూకం వేయాలంటే శనివారం సాయంత్రం వే బ్రిడ్జికి తీసుకుపోదాం. ఆ రుసుము మేము కడతాము.