బీమా సంస్థ మారితే పాత జబ్బు భారం ఎవరిది?

ప్రొద్దుటూరు పట్టణంలో పెంపుడు కుక్కకు బీమా చేయించిన గృహస్థుడు, జమ్మలమడుగు నల్లరేగడి పల్లెలో సంకరజాతి ఆవుకు బీమా చేయించిన రైతు ఒకే చిక్కులో పడుతున్నారు. మొదటి సంస్థ బీమాలో ఉండగా పశువుకు జబ్బు చేసి నయమవుతుంది. మరుసటి సంవత్సరం సంస్థ మారుతుంది. కొత్త సంస్థ దృష్టిలో అది ‘పాలసీకి ముందే ఉన్న వ్యాధి’. ప్రీమియం విరామం లేకుండా చెల్లించినా, అదే జబ్బు తిరగబెట్టినప్పుడు పరిహారానికి దారి మూసుకుపోతుంది.

మనుషుల ఆరోగ్య బీమాలో ఈ చిక్కుకు 2011లోనే ఒక మార్గం ఏర్పడింది. పాలసీదారు సంస్థను మార్చుకున్నా, అప్పటివరకు గడిచిన నిరీక్షణ కాలం అతని ఖాతాలోనే ఉంటుంది. ముందున్న వ్యాధులకు నిరీక్షణ మూడేళ్లకు మించరాదని 2024లో నియంత్రణ సంస్థ నిర్దేశించింది. పశువుల బీమా, కుక్కల బీమా ఈ ఏర్పాటు పరిధిలో లేవు. అక్కడ ప్రతి పాలసీ ఒక కొత్త ఒప్పందమే.

బీమా సంస్థల వాదనను తేలికగా కొట్టివేయరాదు. జబ్బుపడిన పశువుకే బీమా చేయించే అలవాటు ప్రబలితే ప్రీమియం పెరిగి, ఆరోగ్యవంతమైన పశువుల యజమానులే నష్టపోతారు. మొదటిసారి చేరే పశువు విషయంలో ఈ మినహాయింపు న్యాయమే. బీమా కొనసాగుతుండగా వచ్చిన జబ్బును, సంస్థ మారిందన్న ఒకే కారణంతో, పాత జబ్బుగా లెక్కించడం న్యాయం కాదు. పైగా పాడి రైతు చాలాసార్లు తనంతట తాను సంస్థను మార్చుకోడు. జాతీయ పశుధన మిషన్ కింద రాయితీ బీమాకు సంస్థను టెండరు ద్వారా రాష్ట్ర అమలు సంస్థ ఎంపిక చేస్తుంది. టెండరు మారితే రైతు సంస్థ కూడా మారుతుంది. 2024 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ప్రీమియంలో రైతు వాటాను 15 శాతానికి తగ్గించింది. ఇది మేలైన నిర్ణయమే కాని, ప్రస్తుత ప్రశ్నకు సమాధానం కాదు.

థైలేరియాసిస్‌ను ఉదాహరణగా తీసుకుంటే విషయం స్పష్టమవుతుంది. పిడుదుల ద్వారా సోకే ఈ వ్యాధి సంకరజాతి ఆవులకు ప్రాణాంతకం. సకాలంలో బుపార్వాక్వోన్ ఇస్తే ఆవు కోలుకుంటుంది, కాని పరాన్నజీవి దాని రక్తంలో మిగిలిపోవచ్చు. ఈనిక వంటి ఒత్తిడి సమయంలో వ్యాధి తిరగబెట్టే అవకాశం ఉంది. కుక్కల్లో పిడుదుల వల్ల వచ్చే ఎర్లిషియోసిస్ నడకా ఇదే. అటువంటి ఆవు ఆరోగ్యవంతమైనదా, వ్యాధిగ్రస్తమా? ఒక్క మాటలో తేల్చలేని ఈ విషయాన్ని ధృవపత్రంలోని ‘ఆరోగ్యంగా ఉన్నది’ అన్న ఒక్క వాక్యం తేల్చివేస్తున్నది.

రైతుకు సాయపడుతున్నామన్న భావనతో గత చికిత్సను ధృవపత్రంలో రాయకుండా వదిలివేసే క్షేత్ర సిబ్బంది ఉన్నారు. ఇది సాయం కాదు. బీమా ఒప్పందం సంపూర్ణ విశ్వాసంపై నిలిచేది. దాచిన విషయం పోస్టుమార్టం నివేదికలోనో, ఆసుపత్రి రిజిస్టరులోనో బయటపడితే జబ్బుతో సంబంధం లేని పరిహారం కూడా వివాదంలో పడుతుంది. ‘ఫలానా తేదీన థైలేరియాసిస్, చికిత్స జరిగినది, ప్రస్తుతం లక్షణాలు లేవు, అప్పటికి ఫలానా పాలసీ అమలులో ఉన్నది’ అని నాలుగు ముక్కలు రాస్తే రైతు చేతిలో ఆధారం ఉంటుంది.

ఆ ఆధారాన్ని భద్రపరిచే సాధనం ఇప్పటికే పశువు చెవికి ఉంది. పన్నెండు అంకెల చెవిపోగు సంఖ్యపై టీకాలు, చికిత్సలు భారత్ పశుధన్ వ్యవస్థలో నమోదు చేయవచ్చు. కొత్త సంస్థ తన పోగు వేసినప్పుడు పాత సంఖ్యను కూడా పాలసీలో రాయించాలి. లేకుంటే ఆవు ఒకటే అయినా దాని చరిత్ర రెండు ముక్కలవుతుంది. ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల విద్యార్థులు గ్రామాలకు వెళ్లినప్పుడు ఈ ఒక్క పనిని అలవాటు చేసుకున్నా చాలు. పులివెందుల ప్రాంతంలో గొర్రెల మందలకు కాపలా ఉండే కుక్కలకు మాత్రం చెవిపోగూ లేదు, బీమా ఆలోచనా లేదు. వాటి సంగతి వేరే చర్చ.

టెండరు పత్రంలో ఒక షరతు చేర్చడం అమలు సంస్థకు సాధ్యమే: విరామం లేకుండా బీమాలో ఉన్న పశువుకు పాత పాలసీ కాలంలో వచ్చిన వ్యాధిని కొత్త సంస్థ మినహాయించరాదు. దీనివల్ల ప్రీమియం కొంత పెరగవచ్చు. రాయితీ ఉన్నందున ఆ పెరుగుదలలో రైతుపై పడేది స్వల్ప భాగమే.

అంతవరకు గడువు తేదీని గమనించడమే రైతుకు మిగిలిన రక్షణ. పశువుల పాలసీల్లో ప్రారంభమైన తొలి పదిహేను రోజుల్లో సోకిన వ్యాధికి పరిహారం ఉండదనే నిబంధన సాధారణం. పునరుద్ధరణ వారం ఆలస్యమైతే ఆ వారమూ, దాని వెనుక ఆ పదిహేను రోజులూ రక్షణ లేకుండా గడుస్తాయి. తొలకరి తరువాత పిడుదులు ముమ్మరించే రోజుల్లో ఆ వ్యవధి పడితే మూడు వారాలు చిన్న కాలం కాదు.