చేయూత – బాధ్యత

రాయలసీమ అనగానే అందరికీ గుర్తుకు వచ్చేది కరవు. అట్టి సీమలోనే 2021 నవంబరు 19న నీరు మృత్యువై విరుచుకుపడింది. ఎడతెరిపిలేని వానలకు వరద పోటెత్తి, రాజంపేట సమీపంలో చెయ్యేటిపై ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగిపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట మొదలైన గ్రామాలలో ప్రాణాలు పోయాయి, ఇండ్లు కూలాయి, పశువులు కొట్టుకుపోయాయి, పొలాలలో ఇసుక మేటలు వేసింది.

ఇటువంటి ఆపదలో స్వచ్ఛంద సంస్థలకు ఒక సౌలభ్యం ఉంది. అవి ఉత్తర్వుల కోసం వేచి ఉండవు. ఏ వీధిలో ఏ వృద్ధురాలు ఒంటరిగా ఉన్నదో స్థానిక కార్యకర్తకు తెలుసు. అన్నం, దుప్పటి, మందు వెంటనే అందించగలడు. అయితే తెగిన కట్టను తిరిగి నిర్మించడం, పంటనష్టానికి పరిహారం చెల్లించడం, ఇంటిస్థలానికి పట్టా ఇవ్వడం అతని చేతిలోని పనులు కావు. అవి ప్రభుత్వ ధర్మాలు. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం స్వచ్ఛంద సంస్థల భాగస్వామ్యాన్ని ప్రోత్సహించవలసిందని జిల్లా యంత్రాంగానికి నిర్దేశించింది. అంతేగాని, ప్రభుత్వ బాధ్యతను వాటి భుజాలపై మోపలేదు.

ఆపదలోనే కాదు, నిత్యావసరాలలోనూ ఈ కలయిక అవసరమే. ఫ్లోరైడు నీటితో బాధపడిన అనంతపురం జిల్లాలో 1990వ దశకంలో శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు ఏడువందలకు పైగా గ్రామాలకు తాగునీటి పథకాన్ని నిర్మించి ప్రభుత్వానికి అప్పగించింది. నిర్మాణం ఒకనాటితో ముగుస్తుంది. నిర్వహణకు ముగింపు లేదు. పగిలిన గొట్టానికి మరమ్మతు, పంపు నడిపే కార్మికునికి జీతం ఏటేటా కావలసిందే. ఆ భారం ఎవరిదో ముందే నిర్ణయించకపోతే ఎంత గొప్ప పథకమైనా ఎండిన బావితో సమానం.

ప్రభుత్వం జాప్యం చేస్తుంది కనుక సేవలన్నీ సంస్థలకే వదలాలని కొందరంటారు. సంస్థలను నమ్మరాదని మరికొందరంటారు. రెండూ అతివాదాలే. ఎవరు ఏ పని చేయాలో, ఎవరు ఎన్నాళ్లు నిర్వహించాలో వ్రాతపూర్వకంగా ఉండాలి. ఖర్చుల లెక్క గ్రామసభ ముందుకు రావాలి. అప్పుడు రెండువైపులా నమ్మకం నిలుస్తుంది.

దానం పొందినవాడు చేతులు జోడిస్తాడు. హక్కు కలవాడు తలయెత్తి అడుగుతాడు. చెయ్యేటి ఒడ్డున ఇల్లు కోల్పోయిన రైతు అడగదగినవాడు. అతడు అడిగినప్పుడు బదులు చెప్పవలసినది ప్రభుత్వం; అడిగే ధైర్యాన్ని అతనికి కలిగించడమే స్వచ్ఛంద సంస్థ చేయగల ఉత్తమ సేవ.