హోప్ ఐలాండ్ జోలికి వెళ్లకండి

ఈ వారం కాకినాడలో ఒక పెళ్లిలో, మాల్దీవులు వెళ్లొచ్చిన మా బంధువొకాయన ఫోన్ తీసి ఫొటోలు చూపించాడు. నీలం నీళ్లు, నీళ్ల మీద చెక్క గదులు, గదిలోంచే సముద్రంలోకి దిగే మెట్లు. "మన హోప్ ఐలాండ్‌ని ఇలా తయారు చేస్తే మన రాతే మారిపోదూ!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు. ఆయన్ని ఏమంటాం? ఏ పార్టీ ప్రభుత్వం వచ్చినా ఇదే పాట. 2014-15లో స్వదేశ్ దర్శన్ పర్యాటక పథకం కింద కాకినాడ, హోప్ ఐలాండ్, కోనసీమ కలిపి కేంద్రం ప్రాజెక్టు మంజూరు చేసినప్పుడూ "ప్రపంచ స్థాయి" అనే అన్నారు. నాకు బాధ కలిగింది వేరే సంగతికి. తలూపిన వాళ్లలో, సముద్రం కోసేస్తున్న ఉప్పాడ, కొత్తపల్లి తీరపు మనుషులున్నారు.

మాల్దీవుల సంగతి ముందు చెప్పుకుందాం. అక్కడ మొదటి రిసార్టు 1972లో వచ్చింది. దీవికొక రిసార్టు అన్న పద్ధతి పెట్టుకున్నారు. పన్నెండు వందల దాకా దీవులుంటే జనం కాపురముండేవి రెండు వందలే కాబట్టి వాళ్లకది చెల్లింది. కానీ ఆ నీలం నీళ్ల ఫొటోల్లో పడనిది తిలఫుషి. 1992 నుంచి చెత్త పోసి పోసి పెంచిన దీవి అది. తాగే నీళ్లకు సముద్రపు నీటిని శుద్ధి చేసుకోవాలి. 2014 డిసెంబర్‌లో రాజధాని మాలేలో ఆ ప్లాంటుకు నిప్పంటుకుంటే ఊరంతా గొంతెండిపోయింది. మన దేశం విమానాల్లో, ఓడల్లో మంచినీళ్లు పంపింది. అంత డబ్బు ఆర్జించే దేశం పరిస్థితి అది.

పైగా అవి పగడపు దీవులు. మన హోప్ ఐలాండ్ గోదావరి ఇసుక. నది తెచ్చిన ఇసుకను కెరటాలు ఉత్తరానికి తోసుకుంటూ పోతే, గత రెండు వందల ఏళ్లలో పేరుకున్న మేట అది. అక్కడి నీళ్లలో గోదావరి బురద ఉంటుంది, ఉండాలి కూడా. ఆ బురద మీదే కోరంగి మడ అడవి బతుకుతోంది. ఆ ఇసుకలోనే చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. రాత్రి దీపాలు వెలిగితే గుడ్డులోంచి వచ్చిన పిల్ల సముద్రం వైపు కాక దీపం వైపు నడుస్తుంది. దీపాల్లేని రిసార్టు ఎవరు కడతారు?

ఆ మేట వల్లే కాకినాడ రేవు సహజమైన ఓడరేవయింది. 2004 సునామీ నాడు కాకినాడ పెద్ద దెబ్బ నుంచి తప్పించుకుందంటే అదే కారణమంటారు. 1839 తుఫానుకు కోరంగి రేవు తుడిచిపెట్టుకుపోయిన ప్రాంతం ఇది. అడ్డు లేకపోతే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పాలా?

అయితే ఆ అడ్డు ఉప్పాడకు లేదు. దీవి కొస ఉత్తరానికి పెరిగేకొద్దీ అలల తాకిడి ఉప్పాడ మీద పడుతోంది. దక్షిణం నుంచి రావాల్సిన ఇసుక మేటలోనూ, పోర్టు కాలువలోనూ చిక్కుకుపోతోంది. అసలు నదిలోనే ఇసుక తగ్గిపోయింది. ఆనకట్టలూ రిజర్వాయర్లూ పట్టేసుకున్నాక, 1970లతో పోలిస్తే 1990ల నాటికి గోదావరి సముద్రానికి చేర్చే ఒండ్రు మూడో వంతు దగ్గరికి పడిపోయిందని ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు లెక్కగట్టారు. 1976 నుంచి 2001 వరకు డెల్టా అంచున పోయిన నేల, కొత్తగా చేరిన నేల లెక్క తీసేస్తే, నికరంగా 1,800 హెక్టార్లకు పైనే. ఆ లెక్కలో ఇళ్లున్నాయి. మాయాపట్నం, సూరాడపేట, జగ్గరాజుపేటల్లో తాత కట్టిన ఇల్లు ఎక్కడుండేదని అడిగితే సముద్రంలోకి వేలు చూపిస్తారు.

మనం చేసిందేమిటి? రాళ్లు పోశాం. తుఫానొస్తుంది, బీచ్ రోడ్డు తెగుతుంది, లారీల్లో రాళ్లొస్తాయి, రోడ్డు వేస్తారు, మళ్లీ తుఫానొస్తుంది. 2010 ప్రాంతంలో ఇసుక నింపిన జియో ట్యూబులన్నారు, అవీ చిరిగి పక్కకు పోయాయి. 2025 అక్టోబర్‌లో మొంథా తుఫాను ఎక్కడో నరసాపురం దగ్గర తీరం దాటితే ఇక్కడ ఉప్పాడలో రోడ్డు కొట్టుకుపోయింది. రాయి అలను ఆపదు, దాన్ని పక్క ఊరి మీదికి తోస్తుంది. ఉప్పాడలో రాళ్లు పోస్తే సుబ్బంపేటలోనో కోనపాపపేటలోనో గట్టు తెగుతుంది. విశాఖలో పోర్టు తవ్విన ఇసుకను ఆర్కే బీచ్‌కి ఏళ్లుగా తోడి పోస్తున్నారు. కాకినాడ పోర్టు కాలువలో తవ్విన ఇసుకను ఉప్పాడకు ఎందుకు పోయరు? ఈ ప్రశ్నకు నాకు జవాబు కావాలి. రిసార్టు బొమ్మలు తర్వాత చూపించవచ్చు.

చట్టం చూస్తే మడ అడవీ, తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమూ తీర నియంత్రణ నిబంధనల్లో సీఆర్‌జెడ్-1ఏ కిందికి వస్తాయి, అక్కడ కట్టడాలు కూడదు. కానీ మన దగ్గర చట్టం సాగుతుంది. 2011లో పల్లె తీరానికి 200 మీటర్లున్న నిషేధపు హద్దును, 2019లో జనసాంద్రత ఎక్కువున్న చోట్ల 50 మీటర్లకు కుదించారు. యాభై మీటర్ల నేల ఎన్నాళ్లుంటుందో సూరాడపేట ఆడవాళ్లనడగండి. విశాఖ రుషికొండ మీద నిక్షేపంగా నడుస్తున్న టూరిజం వారి హరిత రిసార్టును పడగొట్టి వందల కోట్ల భవనాలు లేపడం చూసిన కళ్లివి. దీవి మీద ఒక్క ఇటుక పడితే తర్వాత అక్కడి మత్స్యకారుల పాకల్ని అడ్డమంటారు. వేటకెళ్లిన పడవ గాలి ముదిరి దీవి చాటుకు చేరితే, ఇది ప్రైవేటు తీరం, పొమ్మంటారు.

అతిథులకు చూపించడానికి ఉప్పాడలో ఏమీ లేదా? కొత్తపల్లి వీధుల్లో మగ్గాలున్నాయి. అక్కడ నేసే ఉప్పాడ జాందానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక్క మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని బుటా బుటాకి దారం చేత్తో దూర్చి నేస్తే మంచి చీర దిగడానికి నెల దాటుతుంది. నీళ్ల మీద గదికి ఒక్క రాత్రికి యాభై వేలు మారు మాటాడకుండా కట్టినాయనే ఇక్కడికొచ్చి, అంతే ఖరీదు చీర దగ్గర ఐదు వేలు తగ్గించమని గంటసేపు కూర్చుంటాడు. తగ్గించకపోతే పట్నంలో పవర్‌లూమ్ చీరకు ఉప్పాడ పేరు తగిలించి అమ్మే కొట్టుకు పోతాడు. చేనేత శాఖ ఆ కొట్ల మీద దాడి చేసిన వార్త చదివి ఎన్నాళ్లయింది?

రిసార్టు వద్దన్నందుకు అభివృద్ధి విరోధినని ఎవరైనా అంటే, వాళ్లని ఉప్పాడ రమ్మంటాను. మగ్గమున్న ఇంటి గుమ్మంలో కూర్చుని చీర తిరగేసి చూడమంటాను. అసలు జాందానీ అయితే రెండు వైపులా పని ఒకేలా ఉంటుంది. నకిలీకి వెనక దారాలు వేలాడతాయి, లేదా కత్తిరించి ఉంటాయి. కొనదలుచుకుంటే అక్కడే, నేసినవాళ్లు చెప్పిన ధరకే కొనండి.