ముప్పై ఏళ్ల జీపు మీద ఇంత కోపమెందుకు

"ఆ డబ్బా ఇంకెందుకు కాకా? తూకానికేసి కొత్తది తెచ్చుకోరాదు!" మందమర్రిలో ఇంటి ముందు పాత జీపు బానెట్ లేపి పెట్టుకున్నవాడికి ఈ సలహా ఇవ్వని మనిషి లేడు. దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్ వచ్చే సింగరేణి బొగ్గు ఊరు ఇది. ఆ డబ్బు చేతికి అందకముందే షోరూముల ఫోన్లు మోగుతాయి. పదిహేనేళ్లు దాటిన బండి అంటే పొగ, ప్రమాదం, పరువు తక్కువ. దాన్ని ఇంటి దగ్గర విప్పుకొని కూర్చోవడం పనీపాటా లేనివాడి పిచ్చి. ఇప్పుడు లోకం మాట ఇదే. సర్కారు కూడా ఇదే పాట అందుకోవడంతో దీనికి బలం వచ్చింది. నాకు మాత్రం ఈ మాటలో మొదటి అక్షరం దగ్గరే అభ్యంతరం ఉంది. బండి వయసును క్యాలెండరు చూసి చెప్పడమేమిటి?

చట్టం సంగతి ముందు చూద్దాం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత బండి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. ఇందులో తప్పేమీ లేదు. 2021లో స్క్రాపింగ్ విధానం వచ్చాక కథ మారింది. పదిహేనేళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి ఒక్కసారిగా 5,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటినవాటికి దాన్ని 10,000 చేశారు. ఈ పెంచిన ఫీజు బ్రేకును నొక్కి చూడదు, స్టీరింగు పట్టుకుని ఊపి చూడదు. ఇరవై ఏళ్లలో లక్షల కిలోమీటర్లు తిరిగి చితికిపోయిన కారుకీ, వానాకాలంలో చేను దాకా పోయి వచ్చే జీపుకీ ఒకటే లెక్క. పుట్టిన తేదీ చూసి జరిమానా వేసినట్టే.

బండిని తుక్కుకు ఇస్తే ఎంత వస్తుందో కూడా విధానంలోనే చెప్పారు: కొత్త బండి షోరూం ధరలో నాలుగు నుంచి ఆరు శాతం. అంటే పది లక్షల బండి కొనబోయేవాడికి పాత జీపు మీద నలభై, అరవై వేల మధ్య. రోడ్డు ట్యాక్సులో పాతిక శాతం దాకా రాయితీ కూడా ఉంది, కాదనను. కానీ ఆ రాయితీ కొత్త బండి కొంటేనే. కొనే స్తోమత లేనివాడికి, కొనాల్సిన అవసరం లేనివాడికి ఈ విధానం ఇచ్చేది కాటా మీద ఇనుము ధర ఒక్కటే.

ఈ క్యాలెండరు లెక్క మందమర్రిలో వినపడటం నాకు మరీ విచిత్రంగా ఉంటుంది. యంత్రాన్ని ఎలా కొలవాలో మనకంటే ఎవరికి తెలుసు? ఓపెన్‌కాస్టు గనిలో డంపరుకు గంటల మీటరు ఉంటుంది. ఇన్ని గంటలకు ఇంజిన్ ఆయిలు, ఇన్ని గంటలకు ఫిల్టర్లు, ఇన్ని గంటలకు ఇంజిన్ దింపి ఓవర్‌హాల్ అని షెడ్యూలు నడుస్తుంది. యంత్రం ఎంత పనిచేసింది, ఏ భాగం ఎంత అరిగింది అన్నదే అక్కడ ప్రశ్న. ఆ షెడ్యూలు పట్టుకుని ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన ఫిట్టర్లు, వెల్డర్లు, టర్నర్లు మన కాలనీల నిండా ఉన్నారు. అదే మనిషి ఇంటికొచ్చి సొంత జీపు ముందు కూర్చుంటే "పిచ్చి" అంటున్నాం. సింగరేణి గేటు లోపల నైపుణ్యం, గేటు బయట పిసినారితనమా?

ఒక పని దగ్గరగా చూద్దాం. పాత మోడల్ జీపు నలభై, యాభై వేగంలో ఉండగా గుంత తగిలితే ముందు చక్రాలు ఉన్నట్టుండి కొట్టుకుంటాయి. స్టీరింగు చేతుల్లోంచి లాక్కుపోతుంది. పక్కన కూర్చున్నవాడు దేవుణ్ని తలచుకుని, దిగగానే "ఇది పనికిరాదు, అమ్మెయ్" అంటాడు. షెడ్డుకు తీసుకుపోతే ముందు అలైన్‌మెంట్ అంటారు, తర్వాత స్టీరింగ్ బాక్సు అంటారు. రెండూ అయ్యాక కూడా ఊపు పోదు. చక్రం లేపి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి ఊపి చూస్తే చాలాసార్లు ఆట కింగ్‌పిన్ దగ్గర బయటపడుతుంది. చక్రం కుడికీ ఎడమకూ తిరిగేది పైనొకటి, కిందొకటి ఉన్న రెండు చిన్న బేరింగుల మీద. అక్కడి సీలు అరిగితే గ్రీజు బయటికి వస్తుంది, దుమ్ము లోపలికి పోతుంది. బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్ల మీద అది ఎలాంటి దుమ్మో చెప్పక్కర్లేదు.

క్యాపు విప్పితే దాని కింద కాగితమంత పలుచని షిమ్ములు ఉంటాయి. బేరింగులు కొత్తవి వేసి, షిమ్ములు ఒక్కొక్కటీ తీస్తూ బిగువు చూడాలి. చేతి అంచనాతో కుదిరే పని కాదు. టై రాడ్ విప్పేసి, స్టీరింగ్ ఆర్మ్‌కు స్ప్రింగు కాటా తగిలించి లాగాలి. మరీ తేలిగ్గా కదిలితే ఊపు మళ్లీ వస్తుంది. మరీ బిగుసుకుంటే మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను తిరిగి రాదు. కాటా ముల్లు మాన్యువల్ చెప్పిన చోట నిలిచేదాకా విప్పడం, బిగించడం, మళ్లీ విప్పడం. ఆదివారం పోతుంది. షెడ్డు నడిపేవాడు ఒక్క చక్రం దగ్గర అంతసేపు కూర్చుంటే కూలి గిట్టదు, అతణ్ని తప్పుపట్టలేం. ఓనరుకు ఆ తొందర లేదు. ఇంటి రిపేరు డబ్బు మిగలడానికి అని అందరూ అనుకుంటారు గానీ, దాని అసలు బలం ఈ తీరికలో ఉంది. (జీపును తూకానికి వెయ్యమనేవాళ్లకు ఈ కాటా సంగతి తప్పకుండా చెప్పాలి.)

"మీద పడితే?" అంటారు. న్యాయమైన భయమే. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరేవాడు ఈ పని చెయ్యకూడదు. కానీ బొగ్గుబాయిలో పనిచేసినవాడికి ఆ పాఠం ఎవరూ చెప్పక్కర్లేదు. కప్పు కింద దిమ్మెలు అడ్డంగా, నిలువుగా పేర్చి చాక్ కట్టనిదే అడుగు ముందుకు వెయ్యనివాడు, ఛాసిస్ కింద కూడా అలాగే దుంగలు పేర్చాకే జాకీ దించుతాడు. ఇంటి దగ్గర చెయ్యకూడని పనులూ ఉన్నాయి. డీజిల్ పంపు కాలిబ్రేషన్ బెంచి మీదే జరగాలి. ఛాసిస్ పగులుకు అతుకు అనుభవమున్న వెల్డరే వెయ్యాలి. ఏది తన పని, ఏది కాదు అన్నది తెలిసినవాడి చేతిలోనే పానా ఉండాలి.

ఇక పొగ. ఇక్కడ పాత జీపు పక్షాన గొంతు చించుకోను. 2112 సీసీ ప్యూజో డీజిల్‌తో వచ్చిన ఎంఎం 540 జీపును ఎంత బాగుచేసినా 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 ఇంజిన్‌తో సమానం కాదు. దానికి పొగను పట్టే ఫిల్టరు లేదు, సెన్సరు లేదు. అయితే అలాంటి బండికీ చట్టంలో ఒక హద్దు ఉంది: బీఎస్-4కు ముందటి డీజిల్ బండి పొగ 65 హార్ట్రిడ్జ్ యూనిట్లు దాటకూడదు. నల్లగా కక్కే జీపుల్లో చాలావరకు నాజిళ్లు పాడైనవి, ఎయిర్ ఫిల్టరు బురదపట్టినవి, పంపు టైమింగ్ తప్పినవి. వాటిని సరిచేయించి గొట్టంలో ప్రోబు పెట్టి నిజంగా కొలిస్తే పాసయ్యేవి పాసవుతాయి, కానివి ఇంట్లో ఉంటాయి. గొట్టం వైపు చూడకుండా నంబరు ప్లేటుకు ఫొటో తీసి పొల్యూషన్ కాగితం చేతిలో పెట్టే చోట్లు నేనూ చూశాను. ఆ కాగితాన్ని బాగుచెయ్యకుండా బండి వయసు మీద పడితే గాలి బాగుపడదు. ఢిల్లీలో పదేళ్ల డీజిల్ మీద పెట్టిన నిషేధాన్ని ఇక్కడికి ఎత్తుకొచ్చేవాళ్లకు ఒక్క మాట: మందమర్రిలో మసి ఎక్కడినుంచి వస్తుందో దండెం మీద బట్టలారేసే ప్రతి ఇల్లాలికీ తెలుసు.

ఇంతదాకా నాతో తల ఊపుతూ వచ్చిన జీపు అభిమానులు ఇక్కడ కాస్త ఆగాలి. పాత బండికి చెడ్డపేరు తెచ్చినవాళ్లలో మీరూ ఉన్నారు. పంజాబ్, హర్యానా సరిహద్దు డబ్వాలీలో తయారయ్యే జీపుల ఫొటోలు చూసి, లారీ టైర్లంత టైర్లు, ముందు ఇనుప గార్డు, పైన కళ్లు పోయే లైట్ల బారు పెట్టిస్తారు. పెద్ద టైరు వేస్తే 62 గుర్రాల ఇంజిన్ ఎత్తు ఎక్కదు, బ్రేకు పట్టు తగ్గుతుంది. కమాను పట్టీలు ఎత్తు పెంచితే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి జాయింట్లు తొందరగా పోతాయి, బ్రేకు హోసు పొడవు చాలదు. ముందు గార్డులు చట్టవిరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. తయారీదారు ఇచ్చిన మూల స్వరూపాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద సుప్రీంకోర్టు 2019 జనవరి 9న తేల్చి చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణ ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంది. గాంధారి ఖిల్లా దారిలో రీల్సు తీసుకోవడానికి బండి ఛాసిస్ కోసేవాడి మీద ఈ కర్ర పడితే నాకు జాలి లేదు.

నా గొడవల్లా ఆ కర్రకు కళ్లు లేకపోవడం గురించే. సోకు మార్పునూ, పనికొచ్చే మార్పునూ అది ఒకేలా చూస్తుంది. ఉదాహరణకు, పాత జీపు హెడ్‌లైట్లు మసకగా ఎందుకు వెలుగుతాయి? బ్యాటరీ దగ్గర మీటరు పెడితే పన్నెండున్నర వోల్టులు చూపిస్తుంది, బల్బు దగ్గర పెడితే పదకొండు కూడా ఉండదు. ముప్పై ఏళ్ల వైరు, డ్యాష్‌బోర్డు వెనక అరిగిన స్విచ్చు మధ్యలో కరెంటును మింగేస్తాయి. రెండు రిలేలు, కాస్త మందపాటి వైరు, ఒక ఫ్యూజు వేసి బ్యాటరీ నుంచి నేరుగా ఇస్తే, అదే బల్బుతో, ఎదుటివాడి కళ్లలో కొట్టకుండా రోడ్డు కనిపిస్తుంది. నడుము బెల్టు తీసి భుజం మీదుగా వచ్చే సీటు బెల్టు బిగించడం, బూస్టరు లేని బ్రేకుకు బూస్టరు పెట్టడం కూడా ఇలాంటివే. ఇవి ప్రాణం కాపాడే మార్పులు. ఇలాంటి మార్పులకు ప్రమాణాలు నిర్ణయించే అధికారాన్ని 2019 సవరణే కేంద్రానికి ఇచ్చింది. పాత జీపుకు ఏ బెల్టు, ఏ బూస్టరు, ఎవరు బిగిస్తే చెల్లుతుందో ఒక పేజీలో రాసి పెడితే, బుద్ధిగా బాగుచేసుకునేవాడు చెక్‌పోస్టు దగ్గర దొంగలా తల దించుకోనక్కర్లేదు.

తమాషా ఏమిటంటే, తండ్రి జీపును డబ్బా అని అమ్మించిన కొడుకే 2020 అక్టోబరులో వచ్చిన కొత్త థార్ కోసం అప్పు చేస్తాడు. అదే ఆకారం, అవే గుండ్రని లైట్లు. 2023లో ఫోర్ వీల్ డ్రైవ్ లేని రకం కూడా వచ్చింది. ఆకారం జీపుది కావాలి, నాలుగు చక్రాలూ లాగకపోయినా ఫర్వాలేదు! కొనుక్కోనీ, ఎవరి సొమ్ము వాళ్లది. 2022 జూలైలో గోదావరి పొంగి మంచిర్యాల కాలనీలు మునిగినప్పుడు నీళ్లు తాగిన బండ్ల సంగతి మాత్రం గుర్తుచేస్తాను. పాత జీపు నీళ్లలో తడిస్తే డిఫరెన్షియల్ బోల్టు విప్పి ఆయిలు చూస్తారు. టీ రంగుకు తిరిగిందంటే నీళ్లు కలిశాయని అర్థం. వంపేసి, కడిగి, కొత్తది పోస్తారు. హబ్బులు విప్పి గ్రీజు మారుస్తారు. కొత్త బండికి అదే జరిగితే కంప్యూటరు తగిలించనిదే జబ్బేమిటో తెలియదు, ఆ కంప్యూటరు కంపెనీవాడి దగ్గర ఉంటుంది.

కేంద్ర వినియోగదారుల శాఖకు ఈ సంగతి తెలుసు. మరమ్మతు హక్కు మీద 2022 జూలైలో కమిటీ వేసింది, డిసెంబరులో పోర్టల్ పెట్టింది. ఫోన్లు, వ్యవసాయ పరికరాలతో పాటు మోటారు వాహనాలనూ అందులో చేర్చింది. కొన్న వస్తువును బాగుచేసుకోవడం హక్కు అని ఒక శాఖ అంటుంది. అలా బాగుచేసుకుంటూ ఇరవై ఏళ్లు నిలబెట్టుకున్నందుకు పదివేలు కట్టమని ఇంకో శాఖ అంటుంది. ఇద్దరూ ఢిల్లీలోనే ఉంటారు.

పరీక్ష పెట్టొద్దని నేను అనడం లేదు. గట్టిగా పెట్టండి. రెన్యువల్‌కు వచ్చిన జీపును పిట్టు మీదికి ఎక్కించండి. ఛాసిస్‌ను సుత్తితో కొట్టి జంగు చూడండి, కింగ్‌పిన్ ఊపండి, నాలుగు చక్రాల బ్రేకు సమానంగా పడుతోందో లేదో కొలవండి, పొగ గొట్టంలో ప్రోబు పెట్టండి. ఫెయిలైతే ఏది ఫెయిలో రాసిచ్చి నెల రోజులు గడువు ఇవ్వండి. రెండోసారీ ఫెయిలైతే తూకానికి పంపండి, నేను అడ్డురాను. పాసైన బండి దగ్గర మాత్రం వయసు పేరు చెప్పి పదివేలు గుంజకండి. ఆ డబ్బుకు నాలుగు చక్రాలకూ వీల్ సిలిండర్లు, లైనర్లు, కొత్త హోసులు, ఒక డబ్బా బ్రేక్ ఆయిలు వస్తాయి.